మూరెడు రక్తం: ఓ బొమ్మల కథ గీసిన అనుభవం

తెనాలిలో డిగ్రీ చదివే రోజుల్లో రెండుసార్లు రక్తం ఇచ్చాను. 350 మిల్లీలీటర్లు తీసుకుని, ఓ ఫ్రూటీ, రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టి పంపించారు. ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో 470 తీసుకుంటారట. ఆ అంకె విని నేను కళ్ళు పెద్దవి చేసేసరికి, సూది సరిచేస్తున్న పెద్ద వయసు నర్సు ఏదో అంది. పక్క మంచం మీదున్న ముసలాయన ఫక్కున నవ్వాడు. టీ పోసే వాలంటీరు నవ్వింది. నాకొక్కదానికే అర్థం కాలేదు. "టోనీ హాన్‌కాక్ మాట అది, మన ఊరివాడే" అంది నర్సు, నా మొహం చూసి జాలిపడి.

ఆ రాత్రి వెతికి చూశాను. 1961 జూన్‌లో బీబీసీ టీవీలో వచ్చిన 25 నిమిషాల హాస్యనాటిక, పేరు 'ది బ్లడ్ డోనర్'. రక్తదానం చేసి పుణ్యం మూటగట్టుకుందామని ఒకతను ఆసుపత్రికొస్తాడు. ఆ పాత్ర వేసిన హాస్యనటుడే హాన్‌కాక్. వేలి మీద గుచ్చి ఒక్క చుక్క తీయగానే పనైపోయిందనుకుని బయల్దేరబోతాడు. డాక్టరు ఆపి, "అది పరీక్షకి. ఇవ్వాల్సింది ఒక పైంటు" (అర లీటరుకి కొంచెం ఎక్కువ) అంటాడు. అప్పుడు అతననే మాటే మా నర్సు అన్నది: పైంటా, అంటే దాదాపు ఒక చెయ్యి నిండా పట్టేంత కదా అని. అరవై ఏళ్ళు దాటినా ఇక్కడ రక్తం ఇచ్చే చోట ఎవరో ఒకరు ఆ మాట అంటూనే ఉంటారు. మన పెళ్ళి భోజనాల్లో మాయాబజార్ మాట రాకుండా ఉండనట్టే.

మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వు రాలేదు. రెండోసారి వచ్చింది. మూడోసారి చూస్తున్నప్పుడు అతని కళ్ళ మీద అనుమానం వచ్చింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

అప్పటికి నేనొక సాయంకాలం కామిక్స్ క్లాసులో చేరి మూడు వారాలైంది. మంగళవారాలు రెండు గంటలు. మా టీచరు అరవై దాటిన ఆవిడ, ఒకప్పుడు పిల్లల వారపత్రికలకి బొమ్మలు గీసిందట. మాటలు తక్కువ, పెన్సిలు ఎక్కువ. కోర్సు చివరికి ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళో పెరిగినవాళ్ళో ఒకరి జీవితాన్ని 16 పేజీల బొమ్మల కథగా గీసి, ముద్రించి, పిన్ను కొట్టి తేవాలి. క్లాసులో సగం మంది రాక్ గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్‌ని పట్టుకున్నారు, ఇద్దరు 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్‌ని. నేను హాన్‌కాక్ అన్నాను. "వాడా! పాపం" అన్నాడు నా పక్కన కూర్చునే రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్. ఆ 'పాపం' నన్ను నెల రోజులు తప్పుదారి పట్టించింది.

పుట్టిన ఇల్లు హాల్ గ్రీన్‌లో సౌథమ్ రోడ్డు మీద ఉంది, మాకు దగ్గరే. ఆ చుట్టుపక్కలకి జనం వచ్చేది టోల్కీన్ చిన్నప్పుడు ఆడుకున్న సేర్‌హోల్ మిల్లు కోసం. హాన్‌కాక్ కోసం వచ్చింది ఆ రోజుకి నేనొక్కదాన్నే అనుకుంటా. గేటు దగ్గర నిలబడి స్కెచ్ వేసుకుంటుంటే ఎదురింటి పాకిస్తానీ ఆవిడ వచ్చి, ఇల్లు అమ్ముతున్నారా అని అడిగింది. అతను 1924 మే 12న పుట్టాడు. మూడేళ్ళప్పుడే కుటుంబం సముద్రం ఒడ్డున ఉన్న బోర్న్‌మత్‌కి వెళ్ళిపోయింది. తండ్రి అక్కడ హోటలు నడుపుతూ, సరదాగా స్టేజి మీద హాస్యం చేసేవాడు. పిల్లాడి చిన్నతనంలోనే తండ్రి పోయాడు. యుద్ధంలో అన్న పోయాడు. ఇతను ఎయిర్‌ఫోర్సులో చేరి, అక్కడి వినోద బృందంలో పడ్డాడు.

నేను దొరికినవన్నీ చదివాను. చదివిన కొద్దీ నోట్‌బుక్కు నల్లబడింది. తాగుడు, రెండు పెళ్ళిళ్ళు, రెండు విడాకులు. తనకి పేరు తెచ్చిన కార్యక్రమంలోని తోటి నటుణ్ణి వదిలేశాడు, తర్వాత రచయితల్ని, ఏజెంటుని వదిలేశాడు. 1968 జూన్‌లో, సీరియల్ షూటింగ్ కోసం వెళ్ళిన సిడ్నీలో తన ప్రాణం తానే తీసుకున్నాడు. 44 ఏళ్ళు. నేను ఇదంతా వరసగా పేర్చి, గళ్ళు గీసి, చిత్తుప్రతి తయారుచేశాను. వాన పడే వీధులు, ఖాళీ కుర్చీలు, అద్దంలో సగం మొహం. చాలా గొప్పగా వచ్చిందనుకున్నాను.

టీచరు తిరగేసి, ఎర్ర పెన్సిలుతో గడికో చిన్న టిక్కు పెట్టుకుంటూ పోయింది. చివర్న ఒక అంకె వేసింది: 31. "ఏమిటిది?" అన్నాను. "సీసాలు" అంది. అంతే, పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ పేజీలు ఫోటోలు తీసి నాన్నకి వాట్సాప్ చేశాను. మా నాన్న తెనాలిలో ముప్ఫై ఏళ్ళు బోర్డులు రాశారు. బోసు రోడ్డులో బట్టల షాపుల పేర్లు, లారీల వెనక నిమ్మకాయ మిరపకాయలు, ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు. ఫ్లెక్సీలొచ్చాక కుంచెలు అటక ఎక్కాయి. ఇంగ్లీషు అంతగా రాదు. అయినా బొమ్మ అబద్ధమాడితే పట్టేస్తారు. రాత్రి ఫోన్ చేశారు.

"అమ్మాయ్, ఈయన జనాన్ని నవ్వించేవాడన్నావు కదా?"

"అవును నాన్నా."

"మరి నీ పదహారు పేజీల్లో ఒక్కడైనా నవ్వుతున్నాడా? ముందు నవ్వించు. ఆ తర్వాత ఏడిపించుకో, నీ ఇష్టం."

కోపం వచ్చింది. నిజమనిపించేసరికి ఇంకా కోపం వచ్చింది. మన చిన్నప్పటి బొమ్మల జీవితకథల్లో మహానుభావులకి ఒక్క మచ్చ ఉండేది కాదు. నేను దాన్నే తిరగేసి, మచ్చ తప్ప మనిషి లేని పుస్తకం గీశాను. రెండూ ఒకే బద్ధకం.

అందుకని చదవడం ఆపి వినడం మొదలుపెట్టాను. 1954 నవంబరులో బీబీసీ రేడియోలో మొదలైన 'హాన్‌కాక్స్ హాఫ్ అవర్'. రాసింది రే గాల్టన్, అలన్ సింప్సన్. ఈ ఇద్దరూ కలుసుకున్నది క్షయ ఆసుపత్రిలో, సర్రీలోని మిల్‌ఫర్డ్ శానిటోరియంలో. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి చోటన్నమాట. ఇరవై ఏళ్ళు నిండీ నిండని ఇద్దరు కుర్రాళ్ళు, నెలల తరబడి మంచాల మీద పడుండి, రేడియో వింటూ హాస్యం నేర్చుకున్నారు. వాళ్ళు కల్పించిన హాన్‌కాక్ ఈస్ట్ చీమ్‌లో రైల్వే కటింగ్స్ అనే వీధిలో 23వ నంబరు ఇంట్లో ఉంటాడు. హాంబర్గ్ టోపీ, ఉన్ని కాలరు కోటు, జేబులో చిల్లిగవ్వ ఉండదు, మాటల్లో మాత్రం జమీందారు. అందరికంటే తనకే ఎక్కువ తెలుసనుకుంటాడు, ప్రతివాడూ మోసం చేస్తాడు. మనకి ఇలాంటి బాబాయి ఇంటికొకడు ఉంటాడు.

వాటిల్లో 1958 నాటి ఒక ఎపిసోడు ఉంది. ఆదివారం మధ్యాహ్నం, బయట వాన, ఇంట్లో ఉన్నవాళ్ళకి ఏమీ తోచదు. అరగంట సేపు ఏమీ జరగదు. నిట్టూర్పు, టైమెంతయిందని అడగడం, మళ్ళీ నిట్టూర్పు. వంట చేసుకుంటూ విన్నాను. ఒకచోట ఎంతసేపటికీ మాట రాకపోతే ఫోన్ ఆగిపోయిందేమోనని తడి చేత్తో తీసి చూశాను. ఆగలేదు. హాన్‌కాక్ ఊరికే ఉన్నాడు. ఆ ఊరికే ఉండటానికి స్టూడియోలో జనం నవ్వుతున్నారు.

దీన్ని ఎలా గీయాలి? నాన్నని అడిగితే ఆయన సొంత దారిలో జవాబు చెప్పారు. "పద్యనాటకంలో రాగం తీశాక నటుడు ఆగుతాడు చూడు, జనం వన్స్‌మోర్ అంటారా అనరా అని. వాడు ముందే అడుగు కదిపాడా, అయిపోయింది. నీ గళ్ళన్నీ అడుగులు కదిపేస్తున్నాయి." నిజమే. నేను ప్రతి గడిలో కోణం మార్చేదాన్ని, పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి, సినిమా తీస్తున్నట్టు. అదంతా చెరిపేసి, ఒక పేజీని ఆరు సమానమైన గళ్ళు చేశాను. ఆరింట్లోనూ అదే సోఫా, అదే మనిషి, అదే కిటికీ. మొదటి గడిలో "టైమెంత?" అంటాడు. తర్వాత మూడింట్లో ఏమీ లేదు, వాన గీతలు తప్ప. అయిదో గడిలో కనుబొమ్మ ఒక్క మిల్లీమీటరు పైకి లేస్తుంది. ఆరో గడిలో మళ్ళీ "టైమెంత?" క్లాసులో గోడకి పెడితే పోస్ట్‌మ్యాన్ అయిదో గడి దగ్గర నవ్వాడు. మాట దగ్గర కాదు, కనుబొమ్మ దగ్గర. ఆ కనుబొమ్మ కోసం పదకొండు సార్లు గీసి చింపాను. చెప్పుకోవాలి కదా!

అక్కణ్ణుంచి పని వేరేగా నడిచింది. 1948లో అతను లండన్ విండ్‌మిల్ థియేటర్లో హాస్యగాడు. అక్కడ జనం వచ్చేది నగ్నంగా కదలకుండా నిలబడే అమ్మాయిల్ని చూడటానికి. మధ్యలో హాస్యగాడు వచ్చినప్పుడు పేపర్లు తెరుచుకునేవారు. ముందు వరసలో ఒకడు లేస్తే చాలు, వెనకవాళ్ళు కుర్చీల మీదనుంచి దూకి ఆ సీటు పట్టుకునేవారు. మొదటి చిత్తులో ఈ విండ్‌మిల్ సంగతిని ఒక గడిలో 'అవమానాలు' అని తోసేశాను. ఇప్పుడు పూర్తి పేజీ ఇచ్చాను. స్టేజి మీద బొటనవేలంత హాన్‌కాక్ జోకు చెప్తున్నాడు. హాల్లో కోట్లు వేసుకున్న మగాళ్ళు కప్పల్లా గెంతుతున్నారు. నాకు గీస్తుంటేనే నవ్వొచ్చింది.

ఆ తర్వాత 1951లో 'ఎడ్యుకేటింగ్ ఆర్చీ'. పెదాలు కదపకుండా బొమ్మ చేత మాట్లాడించే వెంట్రిలాక్విస్టు చేతిలోని చెక్కబొమ్మకి ఇతను ట్యూషన్ మాస్టారు. కార్యక్రమం వచ్చేది రేడియోలో! పెదాలు కదిలాయో లేదో ఎవడు చూడొచ్చాడు? ఈ దేశం గురించి నాకు ఇంతకంటే మంచి పరిచయం ఎవరూ చెయ్యలేదు.

సగం దాకా సిరా వేశాక ఇంకో చిక్కు. క్లాసులో ఒకామె, నర్సరీ టీచరు, పేజీలన్నీ చూసి "ఈ అమ్మాయి మొహం ఎక్కడ?" అంది. మొదటి భార్య సిసిలీ రోమానిస్. 1950లో పెళ్ళి. ఆవిడ మోడల్, ఊళ్ళో కెమెరాలన్నీ ఆ మొహం వెంటే తిరిగిన మనిషి. నేను నాలుగు చోట్ల గీస్తే నాలుగింట్లోనూ వీపే. ఇంట్లో తాగుడు ఇద్దరినీ పట్టుకుంది. అతను చెయ్యి చేసుకునేవాడన్న సంగతి అతని జీవితచరిత్రలు దాచలేదు. 1965లో విడాకులు, అదే ఏడాది చివర్న తన పబ్లిసిటీ పనులు చూసిన ఫ్రెడ్డీ రాస్‌తో పెళ్ళి, అదీ మూడేళ్ళు నిలవలేదు. 'కష్టాల్లో ఉన్న కళాకారుడు' అన్న మాట వినసొంపుగా ఉంటుంది. ఆ కష్టం పక్కింటి గోడకి కాదు, ఇంట్లో ఆడవాళ్ళ ఒంటికి తగిలింది. నవ్వు గీయడం నేర్చుకున్న ఉత్సాహంలో నేను ఇది కార్పెట్ కిందకి తోసేస్తున్నాను.

దెబ్బ గీయాలా వద్దా? గీస్తే అది తమాషా అవుతుంది. పేజీలో దెబ్బ ఎప్పుడూ అందంగానే పడుతుంది, గీతకి ఆ జబ్బు ఉంది. రెండు వారాలు ఆ పేజీ ఖాళీగా ఉంచాను. చివరికి సిసిలీ మొహం ఒక్కటే గీశాను, పేజీ నిండా, మన వైపు చూస్తూ. వెనక గదిలోంచి రేడియోలో జనం నవ్వు వినిపిస్తున్నట్టు చిన్న అక్షరాలు. ఆ ఒక్క పేజీ ఆవిడ కథ. నాన్న ఆ పేజీ గురించి ఇప్పటికీ ఏమీ అనలేదు.

ఇప్పుడు కళ్ళ సంగతి. 'ది బ్లడ్ డోనర్'లో హాన్‌కాక్ నర్సుతో మాట్లాడుతూ నర్సుని చూడడు, కొంచెం పక్కకి చూస్తాడు. గీసేవాళ్ళకి ఇలాంటివి ముల్లులా గుచ్చుకుంటాయి. కారణం తెలిశాక మళ్ళీ చూశాను. దాని ముందు వారం రికార్డింగు నుంచి భార్యతో ఇంటికెళ్తుంటే కారు ప్రమాదం జరిగింది. పెద్ద దెబ్బలు తగల్లేదు కానీ తల అదిరింది, మాటలు బట్టీ పట్టలేకపోయాడు. టెలీప్రాంప్టర్లు పెట్టారు. దేశం మొత్తం గుర్తుపెట్టుకున్న ఆ నటన, చూసి చదివింది! జనం పడి పడి నవ్వారు. బట్టీ పట్టకపోయినా నడుస్తుందన్న ధైర్యం అక్కడే వచ్చింది, ఆ తర్వాత ఆ అలవాటు వదల్లేదు. నేను ఆ పేజీలో కళ్ళని సరిగ్గా ఉన్నచోటనే పెట్టాను, నర్సు చెవి పక్కన, గాల్లో. ఆసుపత్రి కథ ముగింపు మాత్రం అలాగే ఉంచాను. అరుదైన ఏబీ నెగెటివ్ రక్తం ఇచ్చి గర్వంగా ఇంటికెళ్ళినవాడు బ్రెడ్డు కత్తితో చెయ్యి కోసుకుంటాడు. చివరికి తన రక్తమే తనకి ఎక్కిస్తారు. ఇలాంటి ముగింపు రాసిన గాల్టన్, సింప్సన్‌లని నాలుగు నెలలకే, 1961 అక్టోబరులో వదిలేసుకున్నాడు. వాళ్ళు మరుసటి ఏడాదే 'స్టెప్టో అండ్ సన్' అనే టీవీ హాస్య నాటిక రాసి ఇంకో శిఖరం ఎక్కారు. నేను ఒకే పేజీలో పైన రెండు టైప్‌రైటర్లు, కింద టెలిఫోను పక్కన ఇతను అని గీద్దామనుకున్నాను. మరీ నాటకంలా ఉందని తీసేశాను.

1960లో జాన్ ఫ్రీమన్ చేసిన టీవీ ఇంటర్వ్యూ పేజీ మీద చాలా ఆశ పెట్టుకున్నాను. ఆ కార్యక్రమం మొదట్లో వచ్చే అతిథుల బొమ్మలు ఫెలిక్స్ టొపోల్‌స్కీ గీసినవి. తీగల్లా ఎగిరే గీత, చూస్తే చేతులు కట్టేసుకోబుద్ధేసింది. అడిగేవాడి మొహం కనపడదు, జవాబు చెప్పేవాడి మొహం తెర నిండా. హాన్‌కాక్ తప్పించుకోకుండా జవాబులు చెప్పాడు. తనని తాను తవ్వుకునే పిచ్చి అక్కణ్ణుంచే ముదిరిందని కొందరంటారు. నాకైతే ఆ పిచ్చి ముందునుంచే ఉంది, కెమెరా దగ్గరికెళ్ళిందంతే అనిపించింది. (ఈ ఫ్రీమన్ 1965 నుంచి 68 దాకా మన దేశంలో బ్రిటిష్ హైకమిషనరు. నాన్నకి చెప్తే, "ఐతే మనవాళ్ళనీ అలాగే గుచ్చి గుచ్చి అడిగుంటాడు" అన్నారు.)

ఇక చివరి పేజీ. సిడ్నీ గదిలో దొరికిన ఉత్తరంలోని వాక్యంతో ఈయన కథ ముగించడం అందరికీ అలవాటు. నేనూ మొదట్లో ఆ వాక్యాన్ని నల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాల్లో రాశాను. పెద్ద కష్టం లేకుండా చదివేవాళ్ళ గొంతు పట్టేసుకుంటుంది. అందుకే నచ్చలేదు. ఆ గదిలోకి నా పెన్సిలు వెళ్ళలేదు. దాని బదులు విమానం గీశాను. అస్థికల్ని ఇంగ్లండుకి తెచ్చింది విల్లీ రష్‌టన్, ఇంకో హాస్యగాడు, కార్టూనిస్టు కూడా. ఎయిర్ ఫ్రాన్స్ సంచీలో పెట్టుకుని తెచ్చాడు. సిడ్నీ నుంచి లండన్‌కి ఎంత దూరమో! నా పేజీలో రష్‌టన్ కిటికీ పక్కన కూర్చున్నాడు, ఒళ్ళో సంచీ. పక్క సీటాయన పేపరు చదువుకుంటున్నాడు, అచ్చం విండ్‌మిల్ హాల్లో మగాళ్ళలాగే. మాటలు లేవు. ఆరు గళ్ళు.

ముద్రణ మామూలు తలనొప్పే. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి, అది తెలుసు. తెలియంది ఏమిటంటే, మడిచి పేర్చినప్పుడు మధ్య కాగితాలు బయటికి తోసుకొస్తాయి, అంచులు కత్తిరిస్తే ఆ పేజీల్లో చివరి గడి సన్నబడుతుంది. మా వీధి చివరి ప్రింటుషాపు వాళ్ళు 40 కాపీలు వేసి, శుభ్రంగా కత్తిరించి, ఎనిమిదో పేజీలో నా పదకొండు సార్ల కనుబొమ్మని ఎగరగొట్టారు. మళ్ళీ వేయించాను, ఈసారి అంచు అరంగుళం వదిలి.

ఒక కాపీ తెలుగులో చేశాను, ఒకే ఒక్కటి, నాన్న కోసం. మాటల బుడగలన్నీ చెరిపి మళ్ళీ రాయాల్సి వచ్చింది. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఇటుకల్లా ఒకదానిమీదొకటి కూర్చుంటాయి. మనకి పైన గుడులు, కింద ఒత్తులు, వరసకీ వరసకీ మధ్య ఊపిరి వదలాలి, బుడగలు మనుషుల మొహాల మీదకి ఉబ్బుతాయి. ఇంకా పెద్ద ఇబ్బంది నర్సు అన్న ఆ ఒక్క మాటతో. 'చెయ్యి నిండా' అంటే ఎవరికీ నవ్వు రాదు. 'చేరెడు' అంటే తక్కువైపోతుంది, 'బిందెడు' అంటే అబద్ధం. ఒక పూట పిడికెడు, దోసెడు, గిద్దెడు, సోలెడు అని గొణుక్కుంటూ తిరిగాను. మల్లెపూలు మూరేసి కొలిచే అమ్మ గుర్తొచ్చి అప్పుడు దొరికింది. డాక్టరు "ఒక పైంటు" అంటాడు. హాన్‌కాక్ తన చేతిని మోచెయ్యి నుంచి వేలికొస దాకా చూసుకుని, "అంటే... మూరెడు రక్తమా!" అంటాడు.

పోస్టులో పంపితే పద్దెనిమిది రోజులు పట్టింది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, మొత్తం చదివి, సాయంత్రం ఫోన్ చేశారు. మూరెడు దగ్గర నవ్వొచ్చిందట. అమ్మకి చదివి వినిపిస్తే ఆవిడా నవ్విందట. టోపీ అంచు కింద నీడ బాగుందట. కాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను తెగిందేమోననుకున్నాను.

"అమ్మాయ్, ఆ ఆఖరి పేజీలో సంచి మీద రాసింది నువ్వేనా? 'ఎయిర్' సరిగ్గానే ఉంది. 'ఫ్రాన్స్'లో క్రావడి కిందకి జారిపోయింది. మడత పడ్డ గుడ్డ మీద అక్షరం గుడ్డతో పాటు వంగాలి. రేపు కాగితం మీద వేసి ఫోటో పంపిస్తా, చూసి దిద్దుకో."